గుర్రపు బగ్గీల సీమలో అపరాధ పరిశోధన

అపరాధ పరిశోధక నవలకు ఏమేమి కావాలని పిల్లలను అడిగి చూడండి. తడుముకోకుండా చెబుతారు. ఒక పాడుపడిన మేడ కావాలి. గోడమీదనో కాగితం మీదనో అర్థంకాని గుర్తు ఒకటి కావాలి. దీపాలు లేని దారి, ప్రశ్న అడిగితే నోరు విప్పని మనుషులు, ఆఖరి ప్రకరణంలో సంకెళ్లు పడవలసిన దొంగ వుంటే చాలు. కథ తనంతట తానే నడుస్తుంది.

అమెరికాలో 1955లో అచ్చయిన ఒక పిల్లల నవలకు ఈ సరంజామా అంతా ఒక్క సీమలోనే దొరికింది. ఆ నవల పేరు 'ది విచ్ ట్రీ సింబల్'. నాన్సీ డ్రూ అనే పడుచు పరిశోధకురాలి సాహసాల వరుసలో అది 33వ పుస్తకం. అట్టమీద కరొలిన్ కీన్ అని రచయిత్రి పేరు వుంటుంది గాని, అటువంటి మనిషి లేదు. పిల్లల పుస్తకాలు రాయించి ప్రచురణకర్తలకిచ్చే ఒక సంస్థ పెట్టుకున్న పేరు అది. కథలో నాన్సీ తన పొరుగింటామెకు తోడుగా ఎవరూ కాపురం లేని పాత భవంతికి వెళుతుంది. అక్కడ ఆమెకు మంత్రపు చెట్టు గుర్తు దొరుకుతుంది. దాని జాడ పట్టుకొని, బెస్, జార్జి అనే స్నేహితురాళ్లను వెంటబెట్టుకొని (జార్జి అన్నది ఆడపిల్లే సుమండీ), పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆమిష్ రైతుల పల్లెలకు చేరుతుంది. మొదట ఆదరించిన పల్లెవాళ్లే, ఈ పిల్ల మంత్రగత్తె అన్న పుకారు పుట్టగానే ముఖం తిప్పుకుంటారు. అయినా నాన్సీ పట్టు విడవదు. దొంగ దొరుకుతాడు. పిల్లలు తృప్తిగా పుస్తకం మూస్తారు.

ఆ సీమ కల్పితం కాదు. ఫిలడెల్ఫియా నగరం నుంచి పడమరగా సుమారు 70 మైళ్లు పోతే లాంకాస్టరు వస్తుంది. రైలులో గంటకు కాస్త పైచిలుకు ప్రయాణం. ఫిలడెల్ఫియాలోను, న్యూజెర్సీలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు సెలవురోజుల్లో పిల్లలతో కారులో వెళ్లి చూచివచ్చే చోట్లలో ఇదీ ఒకటి. పట్నం దాటగానే రోడ్డుపక్కన పసుపుపచ్చని హెచ్చరిక పలకలు కనబడతాయి. వాటిమీద గుర్రపు బగ్గీ బొమ్మ వుంటుంది. కాసేపటికి నిజమైన బగ్గీయే ఎదురవుతుంది. బూడిదరంగు గూడు, వెనుక నారింజరంగు త్రికోణం, ముందు ఒక్క గుర్రం. ఆ గుర్రాలలో చాలావరకు ఒకప్పుడు పందెపు బళ్లు లాగి విరమించినవి. బగ్గీ రంగును బట్టి వారి వూరు చెప్పవచ్చు. లాంకాస్టరువారిది బూడిదరంగు, ఒహాయో రాష్ట్రంలోనివారిది నలుపు.

ఇక్కడి నేల సున్నపురాతి మీద ఏర్పడిన సారవంతమైన నేల. మొక్కజొన్న, పశువులమేత, కొంత పొగాకు పండుతాయి. పాడి మరీ ముఖ్యం. దుక్కికి ట్రాక్టరు లేదు. నాలుగైదు కంచరగాడిదలను వరసగా కట్టి దున్నుతారు. పైన ఎండుగడ్డి, కింద పశువులు వుండే పెద్ద పెద్ద కొట్టాలు, పక్కన మేత నిలవచేసే ఎత్తయిన గుండ్రని కట్టడాలు, గాలిమరలు. ఇంటినుంచి కొట్టం కొప్పుదాకా కప్పీమీద లాగి కట్టిన తాటిమీద సోమవారం సోమవారం ఉతికిన బట్టలు ఆరుతుంటాయి. బట్టలలో పువ్వులు, చారలు వుండవు. నలుపు, నీలం, ఊదా, ఆకుపచ్చ, అన్నీ ఒకే రంగు గుడ్డలు. పెళ్లయిన మగవాడు గడ్డం పెంచుతాడు, మీసం మాత్రం పెంచడు. ఆడవాళ్లు జుట్టు ముడివేసి తెల్లని పలుచటి టోపీ పెట్టుకుంటారు. చలికాలానికి వాళ్లు కుట్టే బొంతలు మాత్రం రంగురంగుల ముక్కలతో చూడముచ్చటగా వుంటాయి. ఇంటిల్లిపాదికీ పాతచీరెలతో బొంతలు కుట్టిపెట్టిన మన నాయనమ్మలు ఆ కుట్టుపని చూస్తే తప్పక మెచ్చుకొనేవారు.

మరి నాన్సీ వెతుక్కుంటూ వచ్చిన మంత్రపు గుర్తు ఏది? ఇక్కడే చమత్కారం వుంది. ఆమిష్‌ల కొట్టాల మీద అటువంటి గుర్తులు వుండవు. గుండ్రని చక్రంలో నక్షత్రాలు, పువ్వులు వేసిన బొమ్మలు ఆ రాష్ట్రంలో వున్నమాట నిజమే. కాని అవి లాంకాస్టరుకు ఉత్తరాన వున్న బెర్క్స్, లీహై జిల్లాలలో, లూథరు మార్గంలోను, రిఫార్మ్‌డ్ చర్చిలోను వున్న జర్మను రైతుల కొట్టాలపైన కనబడతాయి. ఆమిష్‌లకు అలంకారమే నిషిద్ధం. ఇక ఆ బొమ్మలకు, 'హెక్స్' అనే మాటకు ముడిపెట్టి ప్రచారం చేసింది 1924లో వెలువడిన ఒక యాత్రాగ్రంథం. జర్మను భాషలో 'హెక్సె' అంటే మంత్రగత్తె. ఆ తర్వాత యాత్రికుల కోసం దుకాణాలు వెలిశాయి. రేకుల మీద, చెక్కల మీద బొమ్మలు వేసి అమ్మారు. కొన్నవారు అవి ఆమిష్‌ల మంత్రాలనే అనుకున్నారు. మాట్లాడనివాళ్ల పక్షాన లోకమే ఒక రహస్యం కల్పించి పెట్టింది.

అసలు రహస్యం తెలియాలంటే సుమారు 500 ఏళ్లు వెనక్కు పోవాలి. 1525లో స్విట్జర్లండులోని జూరిచ్‌లో కొందరు యువకులు, ఊహతెలియని పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వటం సరికాదని, పెద్దయి తెలిసి తీసుకొన్నదే బాప్తిస్మమని చెప్పి ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. కత్తి పట్టమనీ, ప్రమాణం చేయమనీ అన్నారు. ఆ కాలపు ప్రభుత్వాలకు అది రాజద్రోహంగా తోచింది. వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంట్జ్‌ను 1527లో జూరిచ్ నదిలో ముంచి చంపారు. ఆ మార్గంవారిలోనే 1693లో చీలిక వచ్చింది. కట్టుబాట్లు ఇంకా గట్టిగా వుండాలన్న యాకోబ్ అమ్మాన్ వెంట పోయినవారే ఆమిష్‌లు. విలియం పెన్ తన తండ్రి పేర వెలసిన పెన్సిల్వేనియాలో అన్ని మతాలవారికీ చోటిస్తానని కబురంపగా, వారు సముద్రం దాటారు. 1737లో ఆమిష్ కుటుంబాలు కొన్ని కలిసి ఫిలడెల్ఫియాలో దిగిన ఓడ పేరు 'చార్మింగ్ నాన్సీ'. అలా మన పరిశోధకురాలికి రెండువందల ఏళ్లకు పైగా ముందే ఒక నాన్సీ వాళ్లను అక్కడికి చేర్చింది!

ఇంట్లోను, వూళ్లోను వాళ్లు మాట్లాడేది నేటికీ ఒక జర్మను యాసే. బయటివారితోను, బడిలోను ఇంగ్లీషు. ప్రతి ఇంటిలోను బైబిలుతోపాటు మరొక లావుపాటి పుస్తకం వుంటుంది. 'మార్టర్స్ మిర్రర్' అనే ఆ గ్రంథం 1660లో డచ్చి భాషలో వెలువడింది. తమ విశ్వాసం కోసం ప్రాణాలు విడిచినవారి కథలు అందులో వున్నాయి. పిల్లలు అందరికన్నా బాగా జ్ఞాపకం పెట్టుకొనేది డిర్క్ విల్లెమ్స్ కథ. 1569లో హాలండులోని ఆస్పరెన్ అనే వూళ్లో అతన్ని బంధించారు. గుడ్డపేలికలు ముడివేసి తాడు చేసుకొని కిటికీలోంచి దిగి పారిపోయినాడు. చెరువుమీద గడ్డకట్టిన మంచు అతన్ని మోసింది. చెరసాల కూడు తిని చిక్కిపోయిన మనిషి కదా! వెంట తరుముతున్న భటుడు మాత్రం మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కు తిరిగాడు. చెయ్యి అందించి అతన్ని పైకి లాగాడు. గట్టున వున్న అధికారి పట్టుకొమ్మని కేక వేయగా అతన్ని మళ్లీ బంధించారు, సజీవంగా కాల్చారు.

పిల్లల సాహస కథలన్నిటిలోను తరుము వుంటుంది. తరిమేవాడు నీటిలో పడితే మనకు సంతోషం. ఈ పల్లెల్లో పిల్లలకు చెప్పే కథలో తప్పించుకొన్నవాడే వెనక్కు వచ్చాడు. ఈ ఒక్క భేదం పట్టుబడితే ఆ సీమలో మిగతాదంతా అర్థమవుతుంది.

అటువంటిదే మరొకటి అమెరికా గడ్డమీదనే జరిగింది. 1757 సెప్టెంబరులో బ్రిటిషు, ఫ్రెంచివారి యుద్ధం నడుస్తుండగా, నేల పోగొట్టుకొని ఫ్రెంచి పక్షాన చేరిన తెగల యోధులు బెర్క్స్ జిల్లాలోని ఒక ఆమిష్ ఇంటిని రాత్రివేళ చుట్టుముట్టారు. యాకోబ్ హోష్టెట్లర్ కొడుకులు వేటతుపాకులు అందుకున్నారు. గురి తప్పని కుర్రవాళ్లే. తండ్రి వద్దన్నాడు. మన ప్రాణం కాపాడుకోవటానికి ఇంకొకరి ప్రాణం తీయరాదన్నాడు. ఇల్లు తగలబడింది. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు హతులయినారు. తండ్రిని, జోసఫ్, క్రిస్టియన్ అనే ఇద్దరు కొడుకులను బందీలుగా పట్టుకుపోయినారు. తండ్రి మరుసటి ఏడు తప్పించుకు వచ్చాడు. పిల్లలు కొన్నేళ్లకుగాని ఇల్లు చేరలేదు. ఆ తండ్రి చేసింది ఒప్పా తప్పా అన్నది ఏ ఇంట్లో చెప్పుకున్నా తేలే ప్రశ్న కాదు. ఆమిష్‌లు మాత్రం నేటికీ ఈ కథ తమ పిల్లలకు దాచకుండా చెబుతారు.

ఇక వారి నిత్యజీవితం. ఆమిష్‌లు యంత్రాలంటే భయపడే మనుషులని అనుకొంటే పొరపాటు. 25 మొదలు 40 కుటుంబాల వరకు ఒక సంఘం. సంఘానికి చర్చి భవనం వుండదు. వారం విడిచి వారం ఒక్కొక్కరి ఇంట ప్రార్థన జరుగుతుంది. బల్లలు ఒక బండిలో ఇంటింటికీ తిరుగుతాయి. పెద్దలను చీటీ వేసి ఎన్నుకుంటారు. కొత్త వస్తువు ఏది వచ్చినా, ఇది మన ఇరుగుపొరుగును దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా అని సంఘం ఆలోచిస్తుంది. టెలిఫోనును 1910 ప్రాంతంలో ఇళ్లలోంచి తీసేశారు. కాని పొలం గట్టున చిన్న పెట్టెగది కట్టి అందులో పెట్టుకున్నారు; నాలుగిళ్లవారు వాడుకుంటారు. అవసరానికి ఫోను కావాలి గాని, భోజనం మధ్యలో అది గంట కొట్టరాదు. ఊరి తీగెలమీది కరెంటు వద్దు. కాని పాలు చల్లబరచటానికి డీజిలు ఇంజను పనికివస్తుంది. లాంకాస్టరు పిల్లలకు సైకిలు లేదు, అది మరీ దూరం తీసుకుపోతుందట. కాలితో తన్ని తోసే స్కూటరు వుంది. సెల్లుఫోను వచ్చాక మన ఇళ్లలో భోజనాల దగ్గర ఎవరి లోకం వారిదైపోయిన ఈ రోజుల్లో, ఆ పెట్టెగది చూచి నవ్వబోయి ఆగిపోతాము.

చదువు సంగతి అంత తేలికగా తేలేది కాదు. ఒకే గది బడి, ఒకే పంతులమ్మ, ఎనిమిది తరగతులు. ఆపైన చదువు లేదు. 'విచ్ ట్రీ సింబల్' వచ్చిన 1955లోనే వర్జీనియా సోరెన్సెన్ అనే రచయిత్రి 'ప్లెయిన్ గర్ల్' అనే మరో పిల్లల నవల రాసింది. అందులో దొంగలు లేరు. ఎస్తర్ అనే ఆమిష్ చిన్నది సర్కారు బడికి పోవలసి రావటం, ఆమె అన్న ఇల్లు విడిచి వెళ్లిపోయి వుండటం, ఇంతే కథ. అదే కాలంలో లాంకాస్టరులో పిల్లలను పై బడికి పంపనందుకు తండ్రులను నిజంగానే జైలుకు పంపుతున్నారు. చివరకు విస్కాన్సిన్ రాష్ట్రంలో జోనస్ యోడర్ తదితరులకు వేసిన అయిదేసి డాలర్ల జరిమానా దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది. 1972లో తీర్పు ఆమిష్‌ల పక్షాన వచ్చింది. అయితే న్యాయమూర్తి డగ్లస్ మాత్రం పాక్షికంగా విభేదించాడు. తండ్రుల మాట విన్నాము, పిల్లల మాట ఎవరు విన్నారు, ఆ పిల్లవాడు రేపు పియానో విద్వాంసుడో వ్యోమగామో కావాలనుకొంటే ఏమి కావాలి అన్నదే ఆయన వాదనలోని సారం. ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే వుంది.

పదహారేళ్లు వచ్చాక పిల్లలకు కొంత స్వేచ్ఛ ఇస్తారు. బాప్తిస్మం తీసుకోవాలో వద్దో వారే తేల్చుకోవాలి. నూటికి 85 మందికి తక్కువ కాకుండా సంఘంలోనే చేరుతారు. చేరిన తర్వాత మాట తప్పి వెళ్లినవారికి వెలి తప్పదు. ఒకే బల్లమీద భోజనం చేయరు. మనదేశంలో వెలి అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కరలేదు. అయినా వారి సంఖ్య పెరుగుతూనే వుంది. 1900 ప్రాంతంలో పదివేలకు లోపు వున్నవారు నేడు సుమారు 4 లక్షలు. లాంకాస్టరు సీమలోనే 40 వేలకు పైబడ్డారు. ఇంటికి ఆరేడుగురు పిల్లలు, పొలం మాత్రం పెరగదు. అందువల్ల ఇప్పుడు లాంకాస్టరువారిలో సేద్యం చేసేవారు సగానికి తక్కువే. మిగిలినవారు వడ్రంగం, కొట్టాల నిర్మాణం, యాత్రికులకు బొంతలు, బెల్లపు పాకంతో చేసే షూఫ్లై పై అమ్మటం వంటి పనులమీద బతుకుతున్నారు. లాంకాస్టరు పట్నంలో 1889లో కట్టిన ఎర్ర ఇటుకల సంత భవనంలో మంగళ, శుక్ర, శనివారాల్లో వారి సరుకు చూడవచ్చు.

నాన్సీ తర్వాత కూడా లోకం ఈ పల్లెల్లో నేరకథలు వెతుకుతూనే వుంది. 1985లో వచ్చిన 'విట్‌నెస్' చలనచిత్రంలో రైలు స్టేషనులో ఒక హత్యను కళ్లారా చూచినవాడు ఒక ఆమిష్ బాలుడు. ఆ చిత్రం చూచి మరింతమంది కెమెరాలతో వచ్చారు. ఫోటో తీయించుకోవటం ఆమిష్‌లకు సమ్మతం కాదు. బగ్గీలో పిల్లలు ముఖాలు అటు తిప్పుకుంటారు.

2006 అక్టోబరు 2న మాత్రం కథ కాదు, నిజంగానే నేరం వచ్చి తలుపు తట్టింది. లాంకాస్టరు జిల్లాలోని నికెల్ మైన్స్ అనే చోట ఒకే గది బడిలోకి తుపాకితో ఒకడు ప్రవేశించాడు. ఆ చుట్టుపక్కల పాలలారీ తోలే మనిషే. పదిమంది ఆడపిల్లలను కాల్చి తనను తాను కాల్చుకున్నాడు. అయిదుగురు చనిపోయినారు. ఇందులో పరిశోధించవలసిన రహస్యం లేదు. దొంగ ఎవరో మొదటనే తెలుసు. నవల అయితే ఇక్కడ ముగిసిపోవాలి.

వాళ్ల కథ అక్కడ మొదలైంది. అదే రోజు ఆమిష్ పెద్దలు కొందరు ఆ హంతకుని భార్య వున్న ఇంటికి పోయి, మీమీద మాకు కోపం లేదని చెప్పివచ్చారు. అతని అంత్యక్రియలకు వెళ్లి నిలబడ్డారు. పిల్లలను పోగొట్టుకొన్నవారు కూడా వారిలో వున్నారు. వితంతువుకూ పిల్లలకూ సహాయనిధిలో భాగం పెట్టారు. పదిరోజులకు ఆ బడిని నేలమట్టం చేసి గడ్డి నాటారు. మరుసటి ఏడు ఏప్రిలులో కొంచెం దూరంలో కొత్త బడి తెరిచారు. దానికి 'కొత్త ఆశ' అని పేరు పెట్టారు. గాయాలతో బతికి, నడవలేకపోయిన ఒక పిల్లకు పరిచర్య చేయటానికి హంతకుని తల్లి వారం వారం వస్తూ వుండేది. ఆ ఇంటివారు తలుపు తెరిచేవారు.

ఇది చదివి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. కాని ఆ క్షమకు రెండో ముఖం కూడా వుంది. 2020లో అమెరికా పత్రికలు కొన్ని సంగతులు బయటపెట్టాయి. ఇంటివారి చేతనే హింసకు గురైన ఆడపిల్లలను, ఆ మనిషి సంఘం ముందు తప్పు ఒప్పుకొన్నాడు గనుక క్షమించి మరచిపొమ్మన్నారనీ, పోలీసుల దగ్గరకు పోనివ్వలేదనీ ఆ సంఘాలలో పెరిగిన స్త్రీలే చెప్పారు. తన గాయాన్ని తాను క్షమించటం ఒకటి. మరొకరి గాయాన్ని క్షమించమని శాసించటం వేరొకటి. నికెల్ మైన్స్ తల్లిదండ్రులు చేసింది మొదటిది. రెండోచోట మాత్రం నాన్సీ డ్రూ వంటి పిల్ల ఒకతె వచ్చి తలుపు తట్టవలసిందే అనిపిస్తుంది.

కనుక మీ పిల్లలు ఆ నవల చదువుతుంటే చదవనివ్వండి. దొంగను పట్టుకోవటంలో మంచి వినోదం వుంది. చదవటం అయ్యాక డిర్క్ విల్లెమ్స్ కథ కూడా చెప్పండి. మంచు విరిగిందాకా చెప్పి ఆపి, ఇప్పుడు అతను ఏమి చేసివుంటాడు అని అడగండి. పారిపోయాడనేవారు కొందరు, వెనక్కు వచ్చాడనేవారు కొందరు వుంటారు. వచ్చి వుండకూడదు అని గట్టిగా వాదించేవారు కూడా వుంటారు. ఆ వాదం మీ ఇంట్లో ఒక పూటంతా సాగితే మంచిదే. లాంకాస్టరు పల్లెల్లో అది తరతరాలుగా సాగుతూనే వుంది.